మూడు రెట్ల లెక్కలో మా సుబేదారు

నేనొక కాలిక్యులేటర్‌ని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో నా వీపు మీది స్టిక్కర్‌కి తెలిసేది. అది ఎప్పుడో ఊడిపోయింది. కొన్నాళ్ళు విశాఖలో ఒక పచారీ కొట్లో బతికాను. కూడిక తప్పొస్తే షావుకారు నన్నే మొట్టేవాడు. తప్పు నొక్కింది తన వేలేనని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

తర్వాత ఒక పత్రికాఫీసులో హైమావతి బల్ల మీదికి చేరాను. నాయకులు చెప్పే అంకెల్లో నిజమెంతో తేల్చి రాయడం ఆమె పని. ఒకరోజు, దేశ రక్షణ ఖర్చు మూడు రెట్లు పెరిగిందన్న ప్రసంగం వీడియో ఆమె ఫోనుకొచ్చింది. పంపింది శ్రీకాకుళంలో ఉండే వాళ్ళ నాన్న, రిటైర్డ్ సుబేదారు పోలినాయుడు. అప్పటికే ఆయన దాన్ని మాజీ సైనికుల గ్రూపులో పెట్టి, రేపు మా అమ్మాయి పేపర్లోనూ వస్తుందని గొప్ప చెప్పుకున్నారట.

హైమావతి పాత బడ్జెట్, కొత్త బడ్జెట్ ముందేసుకుని నన్ను నొక్కింది. నిజంగానే మూడు రెట్లొచ్చింది. ఆమె ముఖం విప్పారింది. నాదేముంది, ఇచ్చిన అంకెలకి జవాబు చెప్పాను. కానీ ఆమె పద్దులు మళ్ళీ చదివింది. పాత అంకెలో సైనికుల పెన్షన్లు లేవు, కొత్త అంకెలో ఉన్నాయి. కొత్తదాంట్లోంచీ పెన్షన్లు తీసేసి నొక్కితే రెట్టింపు కూడా రాలేదు.

పాపం, చాలాసేపు నా మీద చెయ్యి వేసి కూర్చుంది. తర్వాత ఫోన్ చేసింది.

"నాన్నా, ఆ వీడియో లెక్క తప్పు. పాతదాంట్లో పెన్షన్లు వదిలేసి కొత్తదాంట్లో కలిపేశారు. రేపు అదే రాస్తున్నాను. గ్రూపులో మీ మాట పోతుందేమోనని..."

ఆయన గ్రూపు సంగతి పక్కన పెట్టేశారు.

"అయితే, ఆ పెరిగిన ఖర్చు నానేనేటమ్మా?"

"కొంత మీరే నాన్నా."

"ఉన్నదున్నట్టు రాసీయమ్మా."

మర్నాడు ఆ కథనాన్ని ఆయనే గ్రూపులో పెట్టారు. పైన ఒక ముక్క రాశారు: 'ముందు నేను పంపింది తప్పు. ఆ లెక్కలో తుపాకులే కాదు, మనమూ ఉన్నాం.'

ఇప్పుడు నేను ఆయన దగ్గరే ఉన్నాను. హైమావతి ఇచ్చేసింది. గ్రూపులో ఏ అంకె వచ్చినా ముందు నన్ను దగ్గరికి లాక్కుంటారు. నొక్కబోయి ఆగి, కళ్ళజోడు సర్దుకుని, తనలో తనే అనుకుంటారు:

"ఇందులో మనుషులెవరైనా ఉన్నారేటి?"