పన్నెండు నిమిషాలు ముందు

మూడోసారి కూడా ఎర్ర అక్షరాలే వచ్చాయి. కోడ్ తప్పు. ఇంకా రెండుసార్లే అవకాశముందని, ఆ తర్వాత ఖాతా ఒక రోజంతా మూతపడుతుందని కింద రాసి ఉంది. పంకజాక్షి అది చదివి చీర కొంగుతో మెడ తుడుచుకుంది. టెండరు గడువు మధ్యాహ్నం మూడింటి వరకే.

కాయల్ అనే ఉప్పునీటి సరస్సు అవతల ద్వీపంలో కొబ్బరిపీచు పట్టాలు నేసే నలభై మంది ఆడవాళ్ల సొసైటీకి ఆమె కార్యదర్శి. ఈ టెండరు వేయకపోతే వానాకాలమంతా మగ్గాలు మూలన పడాల్సిందే. ఏటా ఈ పని ఒక బ్రోకరు చేసిపెట్టేవాడు. ఈసారి వాడక్కర్లేదు, నేనే వేస్తానని అందరి ముందూ గొప్పలకు పోయింది ఆమే.

నెట్ సెంటర్ నడిపే సినోజ్ వైర్లన్నీ పీకి పెట్టాడు, మోడెం ఆపి మళ్లీ వేశాడు, వేరే కంప్యూటర్‌లోనూ చూశాడు. లోపం నెట్‌లో లేదని తేలాక అతని చూపు ఆమె వేళ్ల మీద పడింది. ఫోనులో కోడ్ అర నిమిషానికోసారి మారిపోతుంటే ఆమె తాపీగా కొడుతోందని గొణిగాడు. పంకజాక్షికి ఒళ్లు మండింది. నలభై ఏళ్లు పీచు పేనిన వేళ్లవి.

"అయితే నువ్వే కొట్టు మోనే, నాయనా. నీ వేళ్ల వాటమూ చూద్దాం."

అతను గబగబా కొట్టాడు. కోడ్ తప్పు.

ఇక ఒక్కటే మిగిలింది. అవతలి జెట్టిలో సుభద్ర, సొసైటీలోని మిగతావాళ్లు తన కోసం చూస్తుంటారు. ఏ మొహం పెట్టుకుని బోటు దిగాలి?

సినోజ్ ఆమె ఫోను చేతిలోకి తీసుకుని కంప్యూటర్‌తో పోల్చి చూశాడు. ఫోనులో రెండూ యాభై నాలుగు. కంప్యూటర్‌లో రెండూ నలభై రెండు.

"చేచీ, ఈ టైమేంటక్కా?"

ఆమెకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. ద్వీపంలో ఎవరి గడియారమైనా అంతే. బోటు ఎవరి కోసమూ ఆగదు కాబట్టి అందరూ పన్నెండు నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకుంటారు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఒక్క బోటూ తప్పలేదు. కిందటి వారం జిల్లా ఆఫీసులో ఈ ఫోనును టెండరు ఖాతాకు కలిపినప్పుడు అది కొత్తది. ఆ సాయంత్రం బోటెక్కగానే ఆమె చేసిన మొదటి పని టైము తిప్పడమే.

సినోజ్ తల పట్టుకున్నాడు. ఫోనులోని టైమును బట్టే కోడ్ తయారవుతుందని, పన్నెండు నిమిషాల తర్వాత చెల్లే కోడ్‌ను వాళ్లు ఇప్పుడే కొడుతున్నారని చెప్పాడు.

"బోటు సంగతి తర్వాత చూసుకుందువుగాని. ముందు లోకమందరి టైములోకి రా."

టైము సరిచేసి, చివరి కోడ్ ఆమెనే కొట్టమన్నాడు. తలుపు తెరుచుకున్నట్టు ఖాతా తెరుచుకుంది. కాగితాలు ఒక్కొక్కటే ఎక్కుతుంటే ఊపిరి బిగబట్టి కూర్చుంది. గడువుకు రెండు నిమిషాలుందనగా రసీదు వచ్చింది. పంకజాక్షి దాన్ని కళ్లకద్దుకుంది.

తిరుగు బోటు మూడున్నరకు. సినోజ్ తెప్పించిన టీ తాగుతూ ఆమె ఫోను చూసింది. మూడూ ఇరవై ఐదు. ఎప్పటిలాగే మనసులో పన్నెండు తీసేసి, బోలెడు సమయముందని పళంపొరి, ఆ అరటిపండు బజ్జీ, ఇంకోటి తీసుకుంది. జెట్టికి వెళ్లేసరికి బోటు కాయల్ మధ్యలో ఉంది.

అరగంటకు సుభద్ర ఫోను చేసింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"బోటొచ్చింది చేచీ, నువ్వు దిగలేదు. టెండరు పోతే పోయిందిలే. ఎవరూ ఏమీ అనరు, ఇంటికి రా."

పంకజాక్షికి దుఃఖం పొంగుకొచ్చింది. గోడకు చేరగిలబడింది.

"టెండరు వేసేశానే. బోటు తప్పింది, అంతే."



"నువ్వు బోటు తప్పడమేంటి? మా దగ్గర దాచకు చేచీ" అంది సుభద్ర.

రసీదు మీది అంకెలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపిస్తే గానీ వాళ్లు నమ్మలేదు.