పక్కకి తప్పుకోని రోజు

వంటింటి కిటికీ దగ్గర నిలబడి క్వన్ వెదురు బుట్టల్ని బండి మీద పేరుస్తోంది. రొయ్యల కుడుములు పైన, కోడికాళ్లు వాటి కింద, పంది మాంసం బన్నులు ఓ పక్కగా. ఆవిరిలో ఆమె ముఖం ఆనడం లేదు. పొట్టి చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. మోచేతుల దాకా పాత బొబ్బల మచ్చలు, బియ్యప్పిండి చల్లినట్టు. ఎడమ మోకాలికి గుడ్డపట్టీ ఉంది. ఈరోజు తెల్ల ఏప్రను కింద మంచి నీలం చొక్కా తొడుక్కుంది.

"అక్కోయ్, నీలం చొక్కా! పెళ్లిచూపులా?" అన్నాడు కుడుముల మాస్టరు లోపలినుంచి. పేరు ఏదైతేనేం, కౌలూన్‌లోని ఆ హోటల్లో అందరికీ అతను లావు మాస్టరే.

"అవున్రా. పెళ్లికొడుకు బోనులో నిలబడి ఉంటాడు."

"అయితే కాస్త మిరపకారం కట్టిస్తా, పట్టుకెళ్లు. వాళ్ల లాయరు కళ్లల్లో కొట్టొచ్చు."

"కారం దండగ. నీ బన్ను ఒకటి తినిపిస్తే చాలు, వాడే చస్తాడు."

వంటిల్లంతా నవ్వింది. క్వన్ బండిని హాల్లోకి తోసి గొంతెత్తింది: "రొయ్యల కుడుములూ! వేడి వేడి కోడికాళ్లూ!" ఆ గొంతు ఆ పేటలో పేరుమోసింది. చెవులు వినపడని ముసలివాళ్లు కూడా ఆమె కేకకు తల తిప్పుతారు. పంతొమ్మిదేళ్లప్పుడు సరిహద్దు అవతల నుంచి వచ్చి, ప్లాస్టిక్ పూల ఫ్యాక్టరీలో వయసంతా గడిపింది. ఫ్యాక్టరీలు సరిహద్దు దాటి పోయాక ఈ బండి పట్టుకుంది. పిల్లలు కలగలేదు. బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసిన భర్త పోయి చాలాకాలమైంది. బతికున్నప్పుడు సెలవురోజుల్లో ఓ మూల బల్ల దగ్గర కూర్చుని, పెళ్లాం కేకలు విని మురిసిపోతూ ఒక్క టీతో పూటంతా గడిపేవాడు.

బండి తోసేవాళ్లకి చేతుల సంగతి తెలుసు. ఇరుకు దారుల్లో ఎప్పుడూ ఏదో ఒక చెయ్యి తగులుతుంది. కొన్ని పొరపాట్లు, కొన్ని కావు. క్వన్ దగ్గర ఉపాయాలుండేవి. బండిని అడ్డం తిప్పేది, లేదంటే పొరపాటున అన్నట్టు బుట్టమూత ఎత్తి ఆ చేతికి ఆవిరి తగిలించేది. అంతకన్నా ఎక్కువగా, పక్కకి తప్పుకునేది.

కిందటేడు శరదృతువు పండుగ వారంలో హోటలు కిక్కిరిసి ఉంది. స్తంభం పక్క బల్ల దగ్గర మోక్ గారు కూర్చున్నారు. వర్తక సంఘానికి అధ్యక్షుడు, ఏటా విందులన్నీ ఇక్కడే పెట్టించే మనిషి. పక్కన భార్య. క్వన్ వంగి బుట్ట దించుతుంటే వెనక చెయ్యి పడింది. తగలడం కాదు, పట్టుకోవడం. ముందు బండి, ఓ వైపు స్తంభం, రెండోవైపు ఎవరిదో పసిపిల్లాడి కుర్చీ. తప్పుకోవడానికి చోటు లేదు. అప్పుడు ఆమె నోటినుంచి ఆ పేరుమోసిన గొంతే వచ్చింది:

"మోక్ గారూ! ఆ చెయ్యి మీదేనా?"

హాలంతా తలలు తిప్పింది. మోక్ గారు పేపరు ఎత్తుకున్నారు. ఆయన భార్య టీకప్పులోకి చూస్తూ ఉండిపోయింది. క్వన్ మిగతా బుట్టలన్నీ అమ్మేసి, మధ్యాహ్నం విరామంలో ఏప్రనుతోనే పోలీసు స్టేషనుకి నడిచింది.

ఆ తర్వాత మేనేజరు హో ఆమె చుట్టూ తిరిగాడు. "పెద్ద కస్టమరు అక్కా. పోనీ, వదిలెయ్యరాదూ?"

"నేను పట్టుకుంటే కదా బాబూ వదలడానికి. పట్టుకుంది ఆయన."

ఆ వారం నుంచి హో ఆమెను గిన్నెలు కడిగే చోట వేశాడు. కేక వినపడక ముసలాళ్లు గొడవ చేస్తే, మళ్లీ బండి ఇచ్చాడు.

ఈరోజు పది దాటాక క్వన్ ఏప్రను విప్పింది. హో గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "తొందరగా వచ్చెయ్ అక్కా," అన్నాడు. మళ్లీ ఏమనిపించిందో, "నిదానంగానే రా," అన్నాడు.

కోర్టు గది హోటలు కంటే చిన్నది, చలి ఎక్కువ. సాక్ష్యం చెప్పిన రోజున ముఖం కనపడకుండా తెర కట్టిస్తామన్నారు. అక్కర్లేదంది. "ఆయన్ని చూడకుండా ఆయన గురించి ఎలా చెప్పేది?" ఆ రోజు మోక్ గారి లాయరు, సన్నటి మనిషి, చాలా మర్యాదగానే అడిగాడు. బండి చక్రం ఇరుక్కుంటే ఆపడానికి తన క్లయింటు చెయ్యి చాచి ఉండొచ్చు కదా? చల్లారిన కుడుములు పెట్టావని ఆయన తిట్టినందుకు మీరు కక్ష పెట్టుకున్నారు కదా?

"కుడుములు చల్లారాయని అందరూ తిడతారు. అందరి మీదా కేసు పెట్టానా?"

"జరిగిందంటున్న దాని తర్వాత కూడా మీరు అమ్మకం సాగించారు. అంత బాధ కలిగినవారు అలా చేస్తారా?"

"బండి నిండా కుడుములున్నాయి బాబూ. బాధ నాది. అవేం చేశాయి?"

లాయరు గొంతు సవరించుకున్నాడు. "మీ వయసు అరవై ఒకటి. నా క్లయింటు గౌరవనీయులు. మీలాంటి వారిని ఆయన ఎందుకు ముట్టుకుంటారు?"

"నేనూ అదే అడుగుతున్నా. ఆయన్ని అడిగి చెప్పండి."

వెనక బెంచీలో ఎవరో నవ్వారు. న్యాయమూర్తి, కళ్లజోడు పెట్టుకున్న నడివయసు స్త్రీ, తలెత్తకుండా రాసుకుంది. చివర్లో మాత్రం ఆవిడే ఒకటడిగింది: "ఇన్నేళ్ల పనిలో ఇలాంటివి జరిగాయన్నారు. అప్పుడు లేని ఫిర్యాదు ఇప్పుడెందుకు?"

అప్పుడొక్కసారి క్వన్ గొంతు చిన్నదైంది. "ఇన్నాళ్లూ పక్కకి తప్పుకున్నానమ్మా. ఆ రోజు పక్కన చోటు లేదు."

ఈరోజు తీర్పు. మోక్ గారు బూడిదరంగు కోటులో నిలబడ్డారు. ఏడాదిలో బాగా చిక్కిపోయారు. న్యాయమూర్తి తాపీగా చదివింది. ఆనాటి సంగతికి ఫిర్యాదుదారు మాట తప్ప ఇంకో సాక్ష్యం లేదు. స్తంభం అడ్డొచ్చి కెమెరాకి ఏమీ దొరకలేదు. సందేహమంటూ మిగిలితే అది నిందితుడికే చెందాలి. క్వన్ అరచేతులు నీలం చొక్కాకి తుడుచుకుంది.

"బండి ఫిర్యాదుదారుకి ముందు ఉంది. చెయ్యి వెనక పడింది. బండిని ఆపాలనుకున్న చెయ్యి అక్కడికి ఎందుకు వెళుతుందో నిందితుడు చెప్పలేకపోయారు. ఈమె మాటల్లో నాకు అతిశయోక్తి కనపడలేదు. సందేహమూ మిగల్లేదు. అసభ్యంగా దాడి చేసిన నేరం రుజువైంది."

లాయరు లేచాడు. క్లయింటుది మచ్చలేని చరిత్ర, పెద్ద వయసు, ధర్మకార్యాలు ఎన్నో చేశారు. ఈ కేసుతో అధ్యక్ష పదవి పోయింది, అదే పెద్ద శిక్ష, కాబట్టి జరిమానాతో సరిపెట్టమన్నాడు.

"పదవి పోవడం ఆయన చేసినదానికి ఫలితం. శిక్ష వేరు," అంది న్యాయమూర్తి. "నేరం ఒప్పుకొని ఉంటే తగ్గించేదాన్ని. ఆరు వారాల జైలు."

పక్క తలుపులోంచి మోక్ గారిని తీసుకుపోయారు. ఆయన కోటు వెనక మడత నలిగి ఉంది. గెలిస్తే చప్పట్లు కొట్టాలనిపిస్తుందేమో అనుకుంది క్వన్. తీరా చూస్తే బాగా ఆకలేసింది.

హోటలు గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఎవరు మోసుకొచ్చారో, కబురు ఆమెకన్నా ముందే వచ్చేసింది. లావు మాస్టరు గరిటెతో మూకుడు మీద దరువు వేశాడు. ముసలాళ్లు టీ గ్లాసులెత్తారు. గిన్నెలు కడిగే ఆడవాళ్లు తడి చేతులతోనే వచ్చి ఆమెను వాటేసుకుంటే నీలం చొక్కా కాస్తా సబ్బునురుగైపోయింది.

"ఏదీ, ఆ కేక ఒకసారి మళ్లీ వెయ్యి అక్కా!" అన్నారెవరో.

"మోక్ గారూ!" అని మొదలెట్టి నవ్వాపుకోలేక కూర్చుండిపోయింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. హో ఒక పళ్లెం నిండా బన్నులు పెట్టుకొచ్చి స్వయంగా ఆమె ముందుంచాడు. ఇన్నేళ్లలో ఆ హాల్లో కూర్చుని ఆమె తినడం అదే మొదలు.

"గిన్నెల దగ్గర వెయ్యాల్సింది కాదు అక్కా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"వేస్తే వేశావులే. నా చేతులు తెల్లబడ్డాయి," అంది నోటినిండా బన్నుతో.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక, క్వన్ బండి తోసుకుంటూ వెళ్తుంటే స్తంభం పక్క బల్ల దగ్గర మోక్ గారి భార్య ఒంటరిగా కూర్చుని ఉంది. కాళ్ల దగ్గర చిన్న పెట్టె. క్వన్ బండి ఆపింది.

"ఆ రోజు నేను చూశాను," అందావిడ. "చూడలేదని పోలీసులతో చెప్పాను. కోర్టులో కూడా అలాగే చెప్పమని లాయరు వెంటపడ్డాడు. తలనొప్పి అని పడుకున్నాను. నాకు చాతనైంది అంతే."

క్వన్‌కి నోటిదాకా ఒక మాట వచ్చింది. ఆవిడ గాజుల చెయ్యి బల్లగుడ్డ అంచుని మడతపెడుతూ విప్పుతూ ఉండడం చూసి మింగేసింది.

"ఏం తింటారు మోక్ అమ్మగారూ? కోడికాళ్లేనా?"

"అవి ఆయనకిష్టం. నాకు పడవు." ఆవిడ బండికేసి వంగి చూసింది, చిన్నపిల్ల దుకాణంలోకి చూసినట్టు. "బెల్లం కేకు ఉందా? నా పేరు శుక్-యిన్."

"ఉంది శుక్-యిన్ గారూ. ఇప్పుడే దింపాం. నోరు కాలుతుంది, జాగ్రత్త."

ఆవిడ కేకు తింది. ఇంకోటి అడిగి అదీ తింది. సాయంత్రం పడవకి మకావ్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి పోతున్నానంది. మళ్లీ ఎప్పుడు వస్తారని క్వన్ అడగలేదు. అవతలి వరసలో ఎవరో పిలిస్తే బండి తిప్పుకొని, "రొయ్యల కుడుములూ!" అని కేక పెట్టుకుంటూ వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పెట్టె లేదు. బల్ల మీద టీకుండ మాత్రం ఉంది. ఇంకాసిని వేడినీళ్లు కావాలంటే ఈ ఊళ్లో ఎవరూ కేకెయ్యరు, మూత తీసి ఓరగా పెడతారు. మళ్లీ వస్తానన్నట్టు ఆ కుండ మూత ఓరగా తీసి ఉంది, లోపలినుంచి సన్నగా ఆవిరి ఇంకా లేస్తోంది.