సాంచెల ఇంటి గొంతు

నవీన గొంతు పెద్దది. సిరిసిల్లల సాంచెల పక్కన పెరిగిన పిల్లాయె, గా మరమగ్గాల చప్పుడుల అరిచి అడగకపోతె అన్నం గూడ దొరకదు. కానీ ఐఏఎస్ కొట్టి ట్రెయినింగుకు పోయినంక గా గొంతే నామోషీ అయింది. పక్క గది సృజన తాత సెక్రటరీ, నాయిన కలెక్టరు, చదివింది కొండల మీది పెద్ద హాస్టలు బడిల. ఆమె జర పెదవి కదిపితే చాలు, అందరు ముందుకు వంగి ఇంటరు. నవీన ఏడాదంత గొంతు నొక్కుకొని గట్ల మాట్లాడుడు నేర్చుకున్నది.

సెలవులకు సృజనను ఇంటికి తోల్కొచ్చింది. సాంచెలు నడుస్తున్నయి. నవీన తల్లి కమలవ్వ వడ్డిస్తున్నది.

"ఆంటీ, కొంచెం పచ్చిపులుసు," అన్నది సృజన.

కమలవ్వకు ఇనవడలే. మళ్ల అడిగింది, అయినా ఇనవడలే. సృజన పరేషాన్ అయి నవీన దిక్కు చూసింది.

"మీ ఇంట్ల ఎట్ల అడుగుతవ్?" నవీన అరిచింది.

సృజన నవీన చెవి దగ్గరికి వంగింది. "అడిగే పనే ఉండదు. గిన్నె వైపు చూస్తే వడ్డిస్తారు."

నవీనకు నవ్వాగలే. ఏడాదిగ తను మర్యాద అనుకొని నేర్చుకున్నది, ఇనేటోళ్లు ఎప్పుడూ ఎదురుంగ ఉండే ఇండ్ల అలవాటు, గంతే!

"గట్టిగ అరువు!" అన్నది, తన పాత గొంతుతోటి.

సృజన కండ్లు మూసుకొని అరిచింది. "అవ్వా! పులుసు!"

కమలవ్వ గరిటె నిండ పోసింది. సాంచెల అవతల నవీన బాపు అంబదాస్ తలెత్తి, గా చప్పుడును మించి కేకేసిండు.

"ఇగ పాసైంది పో, గీ బిడ్డ!"