హైమ వెనక పడిన రుమాలు

నేను ఒక రుమాలును. పుట్టుకతో కాదు. తెనాలిలో ఒక బట్టల కొట్లో, గుడ్డ తాను చివర మిగిలిపోయిన ఎర్ర ముక్కను. జాకెట్టుకు చాలను, జేబుకు ఎక్కువ. శెట్టిగారి బల్ల మీద ఆర్నెల్లు పడి ఉండి, అక్కడే లోకం చదువుకున్నాను. చేతికొచ్చింది లాభం, చెయ్యి జారింది నష్టం; నష్టాన్ని కావాలని ఎవరూ అడిగి పట్టుకెళ్లరు. బతకడానికి ఈ పాఠం చాలనుకున్నాను.

సువార్త టీచర్ చీర కొన్నప్పుడు శెట్టిగారు నన్ను కొసరు వేశారు. ఆమె నా అంచులు కుట్టి, ఒక మూల ముడి వేసి, తను పనిచేసే పల్లెటూరి బడికి తీసుకెళ్లింది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అయిదో తరగతి పిల్లలకు కళ్లు మూతలు పడతాయి. అప్పుడు టీచర్ అయిదు నిమిషాలు రుమాలు ఆట ఆడించేది. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు నన్ను పట్టుకుని చుట్టూ పరుగెత్తుతూ ఎవరి వెనకో చప్పుడు కాకుండా పడేస్తారు. వాళ్లు చూసుకుని, నన్ను అందుకుని, పడేసినవాణ్ణి తరిమి పట్టుకోవాలి. ఈలోగా వాడు చుట్టు తిరిగి వచ్చేస్తే కూర్చున్నవాళ్లు ఓడినట్టు. ఓడినవాళ్లు మధ్యలో నిలబడి కోడిలా కూయాలి. ఆ కూతలకు నిద్ర ఎటు పోయేదో.

ఇరవై ఆరు మందిలో పాతిక మంది వెనక పడ్డాను. హైమ వెనక ఒక్కసారీ పడలేదు. ఆమె హెడ్‌మాస్టారు కోటిలింగం గారి కూతురు. ఆయన గది పక్కనే. ఆయన కూతురి చేత కోడికూత కూయించే ధైర్యం ఎవరికుంది? నా లెక్కలో ఆ పిల్లకు అంతా లాభమే. అయినా రోజూ చెయ్యి వెనక్కి పెట్టి నేల తడుముకునేది. ఏం వెతుకుతోందో నాకు బోధపడేది కాదు.

ఒకరోజు ఆట మొదలవకముందే ఆమె టీచర్ దగ్గరికి వెళ్లింది.

"టీచర్, నేను ఆడను. కాపీ రాసుకుంటా."

"ఏమ్మా, కాలు నొప్పా?"

"ఉహూ. నేనున్నా లేకపోయినా ఒకటేగా."

టీచర్ నా ముడి బిగించింది. "ఇవాల్టికి కూర్చో తల్లీ. రేపట్నించి నీ ఇష్టం."

ఆ రోజు నేను బాజీ చేతిలో పడ్డాను. మూడు రోజులు వరసగా ఓడి కూసినవాడు. వాడూ నాలాగే లెక్కల మనిషి. ఎవరూ వెయ్యరు కాబట్టి హైమ వెనక్కి చూసుకోదనుకున్నాడు. నన్ను ఆమె వెనక జారవిడిచాడు.

ముడి నేలను తాకిందో లేదో, ఆమె వేళ్లు నన్ను అందుకున్నాయి. బాజీ ఇంకా సగం చుట్టు కూడా తిరగలేదు. లేచి పరుగెత్తితే చాలు, గెలుపే. ఆమె లేవలేదు. నన్ను పిడికిట్లో నలిపేస్తూ, ముందుకే చూస్తూ కూర్చుంది. అరచేతి చెమటకు నేను తడిసిపోయాను.

బాజీ తిరిగొచ్చి వీపు తట్టాడు. "ఓడిపోయావు."

"సారు కూతురెనక ఏశావా? చచ్చావు పోరా," అని పక్కవాడు గొణిగాడు.

హైమ మధ్యలోకి వెళ్లింది. పెంకులు లేచిపోయేట్టు కూసింది. తల తిప్పేసరికి గుమ్మంలో కోటిలింగం గారు. బాజీ టీచర్ వెనక్కి దూరాడు. హైమ తండ్రి వంక చూసింది. చూసి, మళ్లీ కూసింది.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "ఇంట్లో ఇంతకన్నా బాగా కూస్తుందే," అని వెళ్లిపోయారు.

మర్నాడు హైమ కాపీ పుస్తకం తియ్యలేదు. ఆ తర్వాత నన్ను ఆమె వెనక వేసినన్ని సార్లు ఎవరి వెనకా వేయలేదు. వేసిన ప్రతివాణ్ణీ తరిమి పట్టుకుంది. ఆమె ఓడింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు నా ఎరుపు పోయింది, ముడి విప్పేశారు. నల్లబల్ల తుడిచే గుడ్డను. రోజూ లెక్కలు వేస్తారు, జవాబు తేలగానే తుడిచేస్తాను. పిడికిట్లో ఉన్న గెలుపును ఆ పిల్ల ఎందుకు వదిలేసిందో, ఓడి ఏం సంపాదించుకుందో, ఆ లెక్క మాత్రం ఎవరూ బల్ల మీద వేయలేదు. వేస్తే తుడవకుండా చూస్తూ ఉండేదాన్ని.