తాళం వేసిన ఇళ్ళు

జ్ఞానయ్య డ్రమ్ము మూత తీసి లోపలికి టార్చి వేశాడు. నీళ్ళ అంచున దోమ లార్వాలు కదిలాయి. డ్రమ్ము వంచి పారబోశాడు.

పెనుగంచిప్రోలు కాలనీలో ఇంకా ఆరు కాలేదు. పత్తి తీతకు వెళ్ళడానికి లూర్దమ్మ క్యారేజీ సర్దుకుంటోంది.

"ఏం జ్ఞానయ్యన్నా, రిటైరయ్యే రోజున కోడికంటే ముందొచ్చావ్! వదిన తరిమేసిందా?"

"పదింటికొస్తే మీ తాళాలు పలకరిస్తున్నాయి. ఎవరికన్నా జ్వరమా?"

"మనవరాలికి. నాలుగు రోజులైంది."

"ఇవాళ పత్తి మానెయ్. పిల్లని ఆస్పత్రికి తీసుకెళ్ళు."

కూలీల ఆటోలు కదిలేలోపు నలభై ఇళ్ళు చూశాడు. తొమ్మిది ఇళ్ళల్లో జ్వరాలు. ముప్పై మూడేళ్ళుగా అతని పని ఇదే. ఎడమ మోకాలు ఇప్పుడు వంగదు.

అతను నందిగామ మలేరియా ఆఫీసుకి చేరేసరికి లహరి కంప్యూటరు ముందుంది. ఊళ్ళ నుంచి వచ్చే జ్వరాల లెక్కలతో, రాబోయే రెండు వారాల్లో డెంగీ ఎక్కడ పెరుగుతుందో అంచనా కడుతుంది. దోమల మందు కొట్టే బండి ఒక్కటే. అంచనా ఎటు చూపితే అది అటు వెళుతుంది.

"రేపు బండి చిల్లకల్లుకండీ. మీ పెనుగంచిప్రోలులో తగ్గుతోంది."

"తగ్గలేదమ్మా. జనం చేలో ఉన్నారు. తాళం వేసిన ఇంటికి మేం సున్నా రాస్తాం."

"ఖాళీ వదలాలి కదండీ?"

"వదిలితే తిరగలేదంటారు. అందుకని నేనూ సున్నాలే రాసా."

పక్క బల్ల దగ్గర ఆఫీసరు చంద్రమౌళి తలెత్తాడు. "సాయంత్రం దండేయించుకుని పోయేవాడివి. ఇది కాగితం మీద పెడితే నీ పెన్షన్ ఫైలు ఆగుద్ది. ఎందుకయ్యా?"

"రేపట్నుంచి ఈ సున్నాల సంగతి నన్నెవరు అడుగుతారండీ? ఇవాళే చెప్పాలి."

ఏ వారం ఎన్ని ఇళ్ళకు తాళాలున్నాయో జ్ఞానయ్య తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. లహరి ఆ సున్నాలు తీసేసి, ఉదయం చూసిన తొమ్మిది జ్వరాలూ చేర్చింది. తెర మీద దిగుతున్న గీత పైకి లేచింది. చంద్రమౌళి బండి డ్రైవరు రాంబాబుకి ఫోన్ చేశాడు.

"రేపు పొద్దున్నే పెనుగంచిప్రోలు. ముందు కాలనీ."

ఫోన్ పెట్టేసి, జ్ఞానయ్య రాసిన కాగితాన్ని పైకి పంపకుండా తన ఫైల్లోనే ఉంచమని లహరితో అన్నాడు.

ఐదింటికి దండ వేశారు, టీ ఇచ్చారు. లార్వాలను తినే గంబూసియా చేపల సీసా ఒకటి బల్ల కింది నుంచి తీసి జ్ఞానయ్య లహరి పక్కన కిటికీలో పెట్టాడు. మెట్లు ఒక్కొక్కటే దిగి ఆటో ఎక్కాడు.

సీసాలో రెండు చేపలు పైకొచ్చి నీటి అంచు వెంట తిరుగుతున్నాయి.