నూట అరవై తొమ్మిదో భాగహారం

నా తమ్ముడు హయాత్‌ని బండ చంపిందని అందరూ అంటారు. బండకేం తెలుసు? చంపింది నేను.

వాడు చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో రాతి దిమ్మెల మీద ఎర్ర రంగుతో నంబర్లు రాసేవాడు. గొయ్యి నంబరు, సంవత్సరం, దిమ్మె నంబరు, అన్నీ కలిపి ఒకే వరుసలో. నేను గుంటూరులో లెక్కల టీచర్ని. చిన్నప్పుడు బస్సు టిక్కెట్లతో మొదలైన ఆట మాది. వాడు నంబరు చెప్పాలి, అది ప్రధాన సంఖ్యో కాదో నేను తేల్చాలి. ఒకటీ, తానూ తప్ప మరేదీ శేషం లేకుండా భాగించకపోతే అది ప్రధాన సంఖ్య. ఫోన్లో చూడటం నిషేధం, కాగితం మీదే భాగించాలి. ప్రధాన సంఖ్య అని తేలితే వాడు ఆ నంబరు పక్కన చిన్న నక్షత్రం వేసేవాడు. మేస్త్రీ ఎన్ని తిట్లు తిట్టినా మానలేదు.

వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలు నూట అరవై ఎనిమిది. వాటిని రాసుకున్న అట్ట ఒకటి నా దగ్గర ఉంది. వాడి నంబర్లన్నీ ఆరంకెలవే కాబట్టి ఆ అట్టతో పని తీరిపోయేది.

ఆ వారం పదో గొయ్యి తెరిచారు. 1022117 పంపాడు. శనివారం మొదలుపెట్టి ఆదివారం పొద్దున్నకి అట్ట చివరికొచ్చాను. ఏదీ భాగించలేదు. సంబరంగా ఫోన్ చేశాను.

"ప్రధానమేరా!"

"సరిగ్గా చూశావా అక్కా?"

"ఒరేయ్, టీచర్నే అడుగుతావా? చూశాను."

"రేపు లారీ ఎక్కించేస్తారు. ఇప్పుడే వెళ్ళి నక్షత్రం వేసొస్తా."

ఆదివారం క్వారీకి సెలవు. వాడొక్కడే రంగు డబ్బాతో గోతిలోకి దిగాడు. పై అంచున వదులుగా ఉన్న బండ జారి మీద పడింది.

మూడో రోజు జియారత్ ప్రార్థనలు అయ్యాక బడికెళ్ళాను. "వర్గమూలం దాకా భాగించాలి, ముందే ఆగకూడదు" అని పిల్లలకి చెబుతూ చెబుతూ నేనే ఆగిపోయాను. పదో గొయ్యి కావడంతో హయాత్ పంపిన చివరి నంబరు ఏడంకెలది. దాని వర్గమూలం వెయ్యి దాటుతుంది. వెయ్యి తర్వాత వచ్చే ప్రధాన సంఖ్య 1009. బోర్డు మీదే భాగించాను. భాగఫలం 1013 వచ్చింది, శేషం సున్నా. ఇంకొక్క భాగహారం చేసుంటే వాడు ఇల్లు కదిలేవాడు కాదు. పిల్లల ముందే ఏడ్చాను.

నలభయ్యో రోజున అమ్మ ఆ దిమ్మెని చూస్తానంది. ప్రమాదం తర్వాత దాన్నెవరూ కదిలించలేదు. వాడి స్నేహితుడు గౌస్ బాషా తీసుకెళ్ళి చూపించాడు. నక్షత్రానికి నాలుగు కొనలే ఉన్నాయి.

"మిగతాది నేను వేసెయ్యనా అక్కా?" అన్నాడు.

"అక్కనే వెయ్యనీరా," అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగింది. "దాన్ని ఏదీ విడగొట్టలేదని చెప్పాడమ్మా వాడు, గుమ్మం దాటుతూ. మా అక్క తేల్చిందని ఎంత గొప్పగా చెప్పాడో. నిజమేనా నస్రత్? సరిగ్గానే చూశావా?"

ఆమెకి మిగిలింది ఆ మాట ఒక్కటే.

"చూశానమ్మా," అని బ్రష్ అందుకుని ఐదో కొన గీశాను.