నాన్న ప్రార్థన ఆలస్యమైన రోజు

పొద్దున్న ఆరు కాగానే తల్లి స్టవ్ మంట తగ్గించేది. కూతురు జడ వేసుకోవడం ఆపి తల వంచుకునేది. పక్క గదిలో ముందు చిన్న దగ్గు, ఆ తర్వాత "తండ్రీ, నీకు స్తోత్రం" అని ఇంటిపెద్ద తాపీమేస్త్రీ గొంతు వినిపించేది. ఆయన పోయి నాలుగేళ్లయింది. గదిలో మంచం, బీరువా తప్ప ఏమీ లేవు. అయినా ఇంట్లోవాళ్లందరినీ పేరుపేరునా దేవుడికి అప్పగించి, పైవాటాలో ఉండే రిటైరైన పోస్టుమాస్టరు మోకాళ్ల నొప్పి కూడా గుర్తుచేసి, ఆమెన్ అనేవారు. పోస్టుమాస్టరు ఆ గొంతు విని గడియారం సరిచేసుకునేవాడు.

"బతికున్నప్పుడూ ఇంతే. ఆయన ప్రార్థన అయ్యేలోపు పాలు పొంగిపోయేవి," అనేది తల్లి.

ఆవిడ గుండెలో ఒక కవాటం చెడిపోయింది. ఆ రోజు ఆపరేషన్‌కి ఎనిమిదింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. అది తప్పితే ఇక తన చేతుల్లో ఉండదని డాక్టరు తెగేసి చెప్పాడు. కానీ ఆవిడ సంతకం పెట్టనంటోంది. కాగితం మూడురోజులుగా బల్లమీదే పడుంది.

"నీకేం తక్కువైందమ్మా ఇక్కడ?"

"తక్కువని కాదే. ఆయన అక్కడున్నారు. ప్రభువు కలుపుతానని మాటిచ్చాడు. ఇక్కడ కత్తులతో కోయించుకుని ఆ దారి పొడుగు చేసుకోవడం దేనికి?"

కళ్లద్దాల షాపులో లెన్సులు అరగదీసే కూతురు కాగితాన్ని మళ్లీ తల్లి ముందుకు జరిపింది.

ఆరయింది. పక్క గదిలో చప్పుడు లేదు.

ఆరూ పది. పోస్టుమాస్టరు మెట్లు దిగివచ్చి, "మా గడియారం ముందుందా అమ్మాయ్?" అని అడిగి, వాళ్ల ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కింద అల్లుడు కారు హారన్ కొట్టాడు.

తల్లి ముఖంలోకి వెలుగొచ్చింది. "చూశావా? ఆయన బయల్దేరారు. నాకోసం వస్తున్నారు." పెదాలు నీలంగా మారుతున్నాయి. ఊపిరి ఈలలా వస్తోంది.

"అలా అనకమ్మా!" కూతురు గది తలుపు బాదింది. "నాన్నా! ఏదో ఒకటి అనండి నాన్నా!"

ఆరూ నలభైకి దగ్గు వినిపించింది. మెట్లెక్కి వచ్చినవాడిలా రొప్పుతున్న గొంతు.

"తండ్రీ, ఆలస్యమైంది, క్షమించు. పనిమీద నుంచే వస్తున్నాను. నా ఇల్లాలు నా దగ్గరికి తొందరపడుతోంది. వస్తుంది, తప్పకుండా వస్తుంది, నీ మాట మీద నాకు నమ్మకముంది. కానీ నీ ఇంట్లో ఆమెకి కడుతున్న గదికి నిన్ననే పూత వేశాను. గోడలు ఇంకా తడిగా ఉన్నాయి. చెమ్మంటే ఆమెకి పడదు. అవి ఆరేదాకా ఆమెని ఇక్కడే ఉంచు. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు పోస్టుమాస్టరు.

తల్లి తలుపు వంక చూసింది. "ముప్పై ఏళ్లు కాపురం చేశాను. ఏ ఒక్క పనీ చెప్పిన రోజుకి పూర్తిచేసిన మనిషి కాదు," అంది కోపంగా. "కలం ఏదే?"

సంతకం వంకరగా పడింది. అల్లుడూ కూతురూ ఆవిడని కుర్చీతో సహా మెట్లు దింపారు.

ఆసుపత్రి వరండాలో ఆరు గంటలు గడిచాయి. డాక్టరు బయటికొచ్చి టోపీ తీసి, "గట్టి మనిషండీ," అని మాత్రం అన్నాడు.

మర్నాడు గొంతులోని గొట్టం తీసేశాక తల్లి కళ్లు తెరిచింది. కూతురు చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టింది.

"ఆకలేస్తోందే," అంది తల్లి.

మేస్త్రీ పోయాక ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి.